పడ్డోడు రిమోట్ ఇయ్యాలె

ఆ ఆదివారం వీరేందర్ చేయాల్సిన పనులు ఇవి.

అటక మీది నుంచి వీడియోగేమ్ డబ్బా దించాలి. లోపల బల్లి గుడ్లు పెట్టి ఉంటే తుడవాలి.

కొత్త టీవీకి పసుపుపచ్చ పిన్ను పట్టే రంధ్రం లేదు గనుక, సూర్యాపేట నుంచి తెచ్చిన కన్వర్టర్ డబ్బాను మధ్యలో తగిలించాలి.

అన్న కుడిచేతికి నూనె రాసి వేళ్లు ఒక్కొక్కటే విప్పాలి. కుర్చీలో కుడివైపు దిండు పెట్టాలి, లేకపోతే ఒరిగిపోతాడు.

వదినెతో చెప్పి అన్నకు టీ చల్లార్చి ఇప్పించాలి.

ఆట మొదలయ్యాక మాత్రం నోరు మూసుకుని కూర్చోవాలి. ఏమీ అనకూడదు.

ఆఖరిది తప్ప అన్నీ చేశాడు.

వీరేందర్‌ది మునగాల. సూర్యాపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. గొర్ల వెంట తిరిగిన నాయిన గోపయ్య ఇంట్లో డిగ్రీ పట్టా చూసినవాడు అతనొక్కడే. చదివించింది నాయిన కాదు, అన్న ఉపేందర్. కోదాడ బస్టాండు వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుని, ఒక టీవీ, ఒక వీడియోగేమ్ డబ్బా, రెండు బల్లలు వేసి ఉపేందర్ ఆటల షాపు నడిపాడు. ఆ షాపే తమ్ముడికి ఫీజయింది, పుస్తకాలయింది, హాస్టల్లో కప్పుకునే దుప్పటి కూడా అయింది. అందరి చేతుల్లోకి ఫోన్లొచ్చాక షాపు మూతపడింది. ఉపేందర్ సరుకులు మోసే డీసీఎం బండికి డ్రైవరయ్యాడు.

మొన్న ఎండాకాలం, హైవే మీద ధాబా ముందు బండి ఆపి టీ కోసం దిగబోతూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కుడివైపుకు ఒరిగిపోయాడు. పక్షవాతమన్నారు. బండి ఆగి ఉన్నప్పుడే వచ్చింది కాబట్టి మనిషి దక్కాడు. కాలు కొంత తిరిగొచ్చింది. మాట కొంచెం ముద్దగానైనా తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పెట్టుకున్న పరాయి వస్తువులా ఉండిపోయింది. దవాఖానలో పిసకమని ఇచ్చిన రబ్బరు బంతి రోజూ మంచం కిందికి దొర్లిపోయేది. భార్య లత వంగి తీసి చేతిలో పెట్టేది. అది మళ్లీ దొర్లేది.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వీరేందర్‌ను పక్కకు పిలిచి చెప్పింది. "సార్, ఆయన మనసు వడ్తలేదు. ఇష్టమైన పని ఏమన్నుంటే చెయ్యనియ్యిరి. ఆ చెయ్యి తనదే అని ఆయన నమ్మాలె. ఆయన నమ్మకపోతే మేం ఎంత తిప్పినా గంతే."

ఇష్టమైన పని అనగానే వీరేందర్‌కు పగిడోడు గుర్తొచ్చాడు.

ఆ ఆట అసలు పేరేమిటో కోదాడలో ఎవరికీ తెలియదు. క్యాసెట్ మీది కాగితం ఎప్పుడో చిరిగిపోయింది. తలమీద రుమాలు చుట్టినట్టుండే ఒక బొమ్మ మనిషి పరుగెత్తుతూ, గుంతలు దూకుతూ పోతుంటాడు. అందుకని పగిడోడు అన్నారు. చివర్లో ఒక చెక్క వంతెన వస్తుంది. కాలు పెట్టిన ప్రతి చెక్కా విరిగి కింద పడుతుంటుంది. దాన్ని మూసీ బ్రిడ్జి అన్నారు. వంతెన ఆఖరున పెద్ద ఖాళీ. పగిడోడి కాలివేళ్లు చెక్క అంచు మీద ఉన్నప్పుడే బటన్ నొక్కాలి. ఒక రెప్పపాటు ముందైనా నీళ్లలోకే, వెనకైనా నీళ్లలోకే.

ఉపేందర్ ఆ ఖాళీని మాట్లాడుతూ దూకేవాడు. ఒకడికి చిల్లర ఇస్తూ, ఒకణ్ని చెప్పులు బయట విడవమంటూ దూకేవాడు. షాపులో ఒకటే రూలు, గోడ మీద బొగ్గుతో రాసి ఉండేది: పడ్డోడు రిమోట్ ఇయ్యాలె. ఆట చేతిబిళ్లను అక్కడందరూ రిమోట్ అనే అనేవాళ్లు. ఎవరు పడితే వాళ్లు పక్కవాడికి ఇచ్చెయ్యాలి, ఓనరైనా సరే. చిక్కేమిటంటే ఓనరు పడడు. "నువ్వే ఆడుకుంటే మేం ఎందుకొచ్చుడన్నా" అని పోరగాళ్లు మొత్తుకునేవాళ్లు. సెలవులకు వచ్చిన వీరేందర్ అన్న పక్కన కూర్చుని, ఎప్పుడు పడతాడా, ఎప్పుడు తన వంతొస్తుందా అని ఎదురుచూసేవాడు. వంతు రాకుండానే సెలవులు అయిపోయేవి.

ఇప్పుడు కొత్త టీవీ గోడకు ఉంది. వెడల్పుగా, పల్చగా, మంచం పక్క అద్దంలా. వీరేందర్ పిన్నులు తగిలించి స్విచ్ వేశాడు. తెర నిండా బొమ్మ వచ్చింది. అటూ ఇటూ సాగదీసిన బొమ్మ.

ఉపేందర్ కళ్లు చిట్లించాడు. "ఎవడ్రా గీ దొడ్డోడు?"

"పగిడోడే అన్నా."

"పగిడోడు ఎన్నడు గింత తిన్నడు?"

లత ఫక్కున నవ్వింది. ఎండాకాలం తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. తల్లి బాలనర్సమ్మ గడపలోంచి తొంగిచూసి, "ఏందే, ఏమైంది?" అంటూ తనూ వచ్చి కూర్చుంది.

ఎడమచేతిలో రిమోట్ ఆనించి, కుడి బొటనవేలిని బటన్ మీద పెట్టి, ఉపేందర్ ఆట మొదలుపెట్టాడు. బొటనవేలు కదిలింది. బంతి పట్టనన్న చెయ్యి బటన్ నొక్కింది. చిన్న గుంతలు కొన్ని దాటాడు, కొన్నింట్లో పడ్డాడు. మూసీ బ్రిడ్జి దాకా వచ్చాడు. చెక్కలు విరుగుతున్నాయి. ఆఖరి చెక్క. నొక్కాడు.

పగిడోడు దూకలేదు. నీళ్లలో పడ్డాక, దూకినట్టు కాళ్లు ముడుచుకున్నాడు.

మళ్లీ ఆడాడు, మళ్లీ అదే. ఆ తర్వాత ఉపేందర్ తెరవైపు చూడలేదు, తన చేతివైపు చూశాడు.

అప్పుడు వీరేందర్ నోరు జారాడు. "పర్వాలేదన్నా. మెల్లమెల్లగ అలవాటైతది తియ్."

ధైర్యం చెప్పాననే అనుకున్నాడు. ఆ మాటతో తప్పు చేతిదేనని తానే ముద్ర వేశానని అతనికి కొన్ని రోజులు గడిచాకగానీ తెలియలేదు.

ఉపేందర్ ఎడమచేత్తో రిమోట్ తమ్ముడి ముందుకు చాపాడు. "తీస్కో."

"నువ్వే ఆడన్నా."

"రూలు రూలే తమ్మీ. పడ్డోడు ఇయ్యాలె."

చిన్నప్పుడు అన్ని సెలవులు కాచుకుని కూర్చున్న వంతు అది. వీరేందర్ తీసుకున్నాడు. ఆడి పడ్డాడు. అతను పడటంలో వింతేమీ లేదు, ఎప్పుడు ఆడినా పడేవాడే. దానితో ఏదీ రుజువు కాలేదు.

వారం మధ్యలో ఒక రాత్రి, అందరూ పడుకున్నాక ఒంటరిగా ఆడి చూస్తుంటే వీరేందర్‌కు ఒక సంగతి తట్టింది. బటన్ టిక్కుమంటోంది, పగిడోడు ఆ తర్వాత దూకుతున్నాడు. మధ్యలో సన్నటి ఎడం. ఫోనులో వెతికాడు, చదివాడు. పాత గాజుబుడ్డి టీవీ వచ్చిన బొమ్మను వచ్చినట్టే తెర మీద పడేసేదట. కొత్త టీవీ అలా కాదు. వచ్చిన బొమ్మను పట్టుకుని, సాగదీసి, నునుపు చేసి, రంగులు సర్ది, అప్పుడు చూపిస్తుంది. ఆ ముస్తాబుకు రెప్పపాటు పడుతుంది. మధ్యలో కన్వర్టర్ డబ్బా ఇంకాస్త తింటుంది. సినిమాకైతే ఎవరూ పట్టించుకోరు. మూసీ బ్రిడ్జి మీద ఆ రెప్పపాటే ప్రాణం.

మరునాడు కాలేజీ నుంచి సూటిగా ఇంటికి వచ్చి అన్న ముందు కూర్చున్నాడు.

"అన్నా, నీ చెయ్యి కాదు. టీవీ లేటు."

"టీవీ లేటేందిరా, అదేమన్న బస్సా?"

"ఇను జర. క్రికెట్ మ్యాచ్ అప్పుడు పక్కింట్ల ముందు ఒర్రుతరు, మన టీవీల సిక్సు ఎన్కకొస్తది. అవునా?"

"అవును."

"గట్లనే. నువ్వు నొక్కుడు టయానికే నొక్కుతున్నవ్. అది సూపిచ్చుడు ఎన్కకు సూపిస్తంది."

ఉపేందర్ తమ్ముడి ముఖం చూశాడు. చదువు చెప్పించిన అన్న చూపు అది. "నువ్వు కంప్యూటర్ సారువు. నా లెక్కటోనికి ఏం జెప్పినా నడుస్తది అనుకుంటవ్."

"అబద్ధం జెప్పనన్నా నీకు."

"అబద్ధమనలే. సాకు అన్న."

వీరేందర్ టీవీ సెట్టింగులన్నీ తిప్పాడు. నునుపు చేసేవన్నీ ఆపేశాడు. గేమ్ మోడ్ పెట్టాడు. సాగిన బొమ్మను మళ్లీ చదరం చేశాడు. పగిడోడు సన్నబడ్డాడు, తెరకు రెండుపక్కలా నల్లటి పట్టీలు మిగిలాయి.

"గింత పెద్ద టీవీ గొని, అటు జానెడు ఇటు జానెడు నలుపు పెట్టుకునుడేందిరా" అంది బాలనర్సమ్మ. "మసి గుడ్డతోని తుడవరాదా?"

ఎడం తగ్గింది కానీ పోలేదు. ఉపేందర్ పడుతూనే ఉన్నాడు.

ఇక సాక్షి కావాలనిపించింది వీరేందర్‌కు. మూసీ బ్రిడ్జిని దాటగలిగిన రెండోవాడు కోదాడ షాపు రోజుల్లో ఒక్కడే ఉండేవాడు. మధుసూదన్, మిర్యాలగూడ మనిషి, అప్పట్లో కోదాడలో చదువుకునేవాడు. ఇప్పుడు మిర్యాలగూడలోనే రైస్ మిల్లులో మిషన్ నడుపుతున్నాడు. వాడి చెయ్యికి ఏ జబ్బూ లేదు. వాడు పడితే తప్పు టీవీదేనని తేలిపోతుంది. వీరేందర్ ఫోన్ చేశాడు. "అన్నా, ఒక్కసారి వొచ్చి ఆడు. ఏం జెప్పకు, ఊకె ఆడు."

మధుసూదన్ మరుసటి ఆదివారమే బండి మీద వచ్చాడు. చెవుల వెనక తవుడు ఇంకా అలాగే ఉంది. ఉపేందర్‌ను చూడగానే కళ్లు తుడుచుకోబోయి, బదులుగా నోటికి పని చెప్పాడు.

"ఏమ్రా ఓనరూ, మూలకు కూసున్నవ్? కిరాయి అడుగుతరని భయమా?"

"నువ్వేందిరా, పిట్టలకు మేత లెక్క వొచ్చినవ్. చెవుల్ల తవుడు దులుపుకోపో."

కాసేపు ఇల్లు కోదాడ సందు అయిపోయింది. లత టీలు పెట్టింది. మధుసూదన్ రిమోట్ అందుకుని, బొటనవేలు చొక్కాకు తుడుచుకుని మొదలుపెట్టాడు. గుంతల దగ్గర తడబడ్డాడు. మూసీ బ్రిడ్జి. ఆఖరి చెక్క. పడ్డాడు.

"అరె!" అన్నాడు నిజంగా ఆశ్చర్యపోయి. మళ్లీ ఆడి, మళ్లీ పడ్డాడు. "గిదేందిరా, నేను నొక్కిన గదా! లేటొస్తుంది రా ఓనరూ ఇది!"

వీరేందర్‌కు రెక్కలొచ్చినట్టయింది. అన్నవైపు తిరిగాడు. ఉపేందర్ నవ్వడం లేదు.

"మధూ, నా తమ్ముడు ఫోన్ జేసిండా నీకు?"

మధుసూదన్‌కు అబద్ధం చెప్పడం చేతకాదు. "చేసిండు."

"ఏమన్నడు?"

"వొచ్చి ఆడుమన్నడు."

"ఆడుమన్నడా, పడుమన్నడా?"

"అమ్మతోడురా..."

"నువ్వు మంచోనివిరా మధు. ఎప్పటికైనా మంచోనివే. నాకోసం పడ్డవ్ గని, జర నీళ్లల్ల గట్ల సూసి పడు, తడుస్తవ్." ఉపేందర్ గోడవైపు తిరిగాడు.

సాక్షిని తెస్తే సాక్షినే నమ్మడం లేదు. వీరేందర్‌కు మిగిలింది ఒకటే దారి. గాజుబుడ్డి టీవీ ఒకటి తెచ్చి పెట్టాలి. దాని మీద అన్న దూకాలి. అప్పుడిక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

ఇంట్లో ఒక పాత టీవీ ఉండాలే అని బాలనర్సమ్మను అడిగాడు.

"గదా? నిరుడు ఇచ్చేస్తి."

"ఎవరికవ్వా?"

"పాత సామాన్లకు ఉల్లిగడ్డలిచ్చే బండొచ్చింది గద. మూలకు పడున్నదాన్ని ఏం జేసుకుంటం? బస్త ఇచ్చిండు."

"టీవీకి ఉల్లిగడ్డలా!"

"మొత్తుకుంటవేంది? నువ్వు గూడ తిన్నవ్ కోడిగుడ్డు పొరటుల."

అప్పటినుంచి అతని సెలవులన్నీ వెతుకులాటకే పోయాయి. సూర్యాపేటలో టీవీ రిపేరు షాపులన్నీ తిరిగాడు. గాజుబుడ్డి టీవీలు వస్తే పగలగొట్టి రాగితీగ తీసుకుంటామని, మిగతాది తుక్కులో పడేస్తామని చెప్పారు. ఒక షాపు వెనక తుక్కుకుప్పలో గాజుబుడ్డి మెడ విరిగి కనిపించింది. పెద్దవూరలో లత చిన్నమ్మ అచ్చమ్మ ఇంట్లో ఒకటుందని తెలిసి బండి మీద అంతదూరం పోయాడు. ఉంది. చూరు కింద, ముందు అద్దం లేని డొల్లగా. లోపల వరిగడ్డి మీద కోడి పొదుగుతూ కూర్చుని, ఎవడ్రా నువ్వన్నట్టు చూసింది.

"దాంట్ల బొమ్మలు రావు బిడ్డా" అంది అచ్చమ్మ. "పిల్లలొస్తయ్. కావాల్నా?"

వీరేందర్ నవ్వాడు. వచ్చేటప్పుడు దారిలో బండి ఆపి, ఎందుకో తెలియకుండా కాసేపు అలాగే కూర్చున్నాడు.

చివరికి దొరికింది, అసలు మొదట వెతకాల్సిన చోటే. కోదాడలో షాపు గది ఓనరు జవహర్ ఇంట్లో. షాపు ఖాళీ చేసేటప్పుడు మోయలేక వదిలేసిన టీవీ అది. జవహర్ దాని మీద అల్లికల గుడ్డ పరిచి, పైన కొత్త పల్చటి టీవీ పెట్టుకున్నాడు. పాతది కొత్తదానికి బల్ల అయింది.

"పనిచేస్తదా అండీ?" అని అడిగాడు వీరేందర్.

"ఎందుకు చెయ్యదండీ? బ్రహ్మాండంగా చేస్తది. మా ఆవిడే ఎత్తు సరిపోయిందని ఇలా వాడతంది. ఉపేందర్‌కైతే తీసుకెళ్లండి, అది ఆయనదే కదా. కాకపోతే ఆ పైదానికి ఏదన్నా స్టూలు చూసిపెట్టండి, లేకపోతే సీరియల్ టైముకి నన్ను నిలబెడుద్ది మా ఆవిడ."

స్టూలు తెచ్చి, టీవీని ఆటోలో వెనక సీటు మీద పెట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు కావలించుకుని మునగాల దాకా వచ్చాడు. వాల్యూమ్ బొత్తం ఊడిపోతే అన్న పెట్టిన పెన్ను మూత ఇంకా అలాగే ఉంది. వంపు తిరిగిన నల్లటి గాజులో వీరేందర్ ముఖం చిన్నగా, దూరంగా కనిపిస్తూ వచ్చింది. గుంత వచ్చినప్పుడల్లా అతను ఏదో మొక్కుకున్నాడు.

మధుసూదన్‌ను మళ్లీ పిలిచాడు. పాత టీవీ దొరికిందని వినగానే ఈసారి ఉపేందరే పిలవమన్నాడు. "వాడు గూడ ఉండాలె. వాని ముందటనే దుంకుత."

స్విచ్ వేయగానే టప్పుమని చప్పుడు. దగ్గరున్న వీరేందర్ చేతిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. దుమ్ము కాలిన వాసన. బొమ్మ మధ్యలోంచి విచ్చుకుంది. పగిడోడు సన్నగా, పొట్టిగా, ఎలా ఉండాలో అలా ఉన్నాడు.

"మన టీవీయేనారా!" ఉపేందర్ కుర్చీలో నిటారుగా లేచాడు. కుడివైపు దిండు జారిపోయినా ఒరగలేదు. ఎడమచేత్తో పెన్ను మూతను తడిమాడు. "అగో సూడు లతా, నేను పెట్టిందే."

ఆడాడు. చిన్న గుంతలన్నీ దాటాడు. ఒక్కదాంట్లో కూడా పడలేదు. బాలనర్సమ్మ దండం పెట్టుకుంటూనే ఉంది. మూసీ బ్రిడ్జి. ఆఖరి చెక్క. బటన్ టిక్కుమంది.

పగిడోడు నీళ్లలో ఉన్నాడు.

"తుప్పు" అన్నాడు ఉపేందర్, నవ్వుతూనే. "తుప్పు వదలాలె. మధూ, తీస్కో."

మధుసూదన్ రిమోట్ అందుకున్నాడు. వీరేందర్ అతని వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో మధుసూదన్‌కు అర్థమైంది. సన్నగా తలూపాడు. పడాలి. ఎలాగైనా పడాలి. వంతెన మీదికి వచ్చాడు. చెక్కలు విరుగుతున్నాయి. ఆఖరి చెక్క మీద పగిడోడి కాలివేళ్లు అంచును తాకాయి.

పగిడోడు లేచాడు. ఖాళీ మీదుగా, ఒక్క ఊపున, అవతలి గట్టు మీద వాలాడు.

మధుసూదన్ తన బొటనవేలిని చూసుకున్నాడు, అది చేసిన పనికి తనే బిత్తరపోయినట్టు. "ఏదో... కలిసొచ్చింది" అని గొణిగి, ఆటను అక్కడే వదిలేసి రిమోట్ ఇచ్చేశాడు.

ఉపేందర్ మళ్లీ ఆడి పడ్డాడు. ఇంకోసారి. వేలు నొక్కుతూనే ఉంది, ఎప్పుడూ ఆ చెక్క విరిగిన తర్వాతే. ఇప్పుడు మధ్యలో ఏ డబ్బా లేదు, ఏ ముస్తాబు లేదు. నిందించడానికి ఏమీ మిగల్లేదు. రిమోట్‌ను ఒళ్లో పెట్టుకుని, పెన్ను మూత వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"టీవీది తప్పు లేదు తమ్మీ."

పల్చటి టీవీ ఉన్నన్నాళ్లూ కనీసం ఒక సందేహం ఉండేది. అన్న నమ్మకపోయినా, ఆ సందేహం ఇంట్లో ఒక మూల కూర్చుని ఉండేది. ఊళ్లన్నీ తిరిగి, స్టూలు కొనిపెట్టి, ఆటోలో కావలించుకుని తెచ్చి, ఆ సందేహాన్ని తానే బయటికి నెట్టాడు.

గేటు దగ్గర మధుసూదన్ బండి స్టార్ట్ చెయ్యకుండా నిలబడ్డాడు. "పడదామనే అనుకున్న వీరేందరూ. మా అమ్మతోడు. బొటనవేలు ఇనలే." ఏడుస్తున్నాడు. "ఎన్నేండ్లాయె ఆడక. అది ఇంక మర్వలేదంటే నేనేం జెయ్యాలె చెప్పు?"

వీరేందర్ హెల్మెట్ అందించాడు.

వానలు ముదిరాయి. ఉపేందర్ బంతిని ముట్టుకోవడం మానేశాడు. లత తీసిపెట్టినా వేళ్లు మూసేవాడు కాదు. తిండి ఎడమచేత్తో, గడ్డం ఎడమచేత్తో. ఫిజియోథెరపీకి పోదామంటే, "ఎందుకు, డీజిల్ దండుగ" అనేవాడు. తిరిగొస్తదా మేడం అని వీరేందర్ ఆ అమ్మాయిని అడిగితే, "రావొచ్చు, రాకపోవచ్చు సార్. చేయిస్తనే ఉండాలె" అంది. ఆ జవాబు పట్టుకుని ఇంటికి రాలేక, సూర్యాపేట బస్టాండులో రెండు బస్సులు వదిలేశాడు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు అన్నింటికీ ఒక కారణం, ఒక మందు చెబుతాడు తను. ఇక్కడ కారణం తెలిసింది. మందు లేదు.

గాజుబుడ్డి టీవీని వసారాలోకి మార్చారు. ఒక పొద్దున బాలనర్సమ్మ దాని పక్కన కూర్చుని, "ఇగ దీన్ని గూడ ఉల్లిగడ్డలకు ఇచ్చెయ్యనారా?" అంది. వేళాకోళానికి కాదు. ఎవరూ నవ్వలేదు.

కొన్నాళ్లకు, వీరేందర్ అన్న కాళ్ల దగ్గర కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, ఉపేందర్ ఉన్నట్టుండి అన్నాడు.

"గా పల్సటి టీవీల ఆట పెట్టు."

వీరేందర్ తలెత్తాడు. "దాంట్ల దుంకరాదు గదన్నా."

"నాకెర్క. దాంట్ల ఎవ్వనికీ దుంకరాదు." ఉపేందర్ ముద్దమాటను సర్దుకుంటూ చెప్పాడు. "మొన్న సూసిన గద మధుగాని వేలు. పడదామన్నా పడలేడు వాడు. అంటే గా దినం దీంట్ల నిజంగనే పడ్డడు. నాకోసం పడలే. నేనే వాన్ని మాటన్న."

"అవునన్నా."

"నువ్వు గూడ అబద్ధం జెప్పలే. లేటే అది."

"అవును."

"ఇగ పెట్టు. దాని ముంగట అందరం ఒక్క తీర్గనే పడ్తం."

వీరేందర్ పిన్నులు తగిలించాడు. బొమ్మను చదరం చెయ్యబోతే ఉపేందర్ వద్దన్నాడు. "దొడ్డోన్నే ఉండనీ. వాడు గూడ కూసొని తిన్నోడే గద, నా లెక్క."

ఉపేందర్ ఆడాడు, పడ్డాడు. ఎడమచేత్తో రిమోట్ చాపాడు. వీరేందర్ తీసుకున్నాడు, ఆడాడు, పడ్డాడు, ఇచ్చాడు. ఉపేందర్ మళ్లీ పడ్డాడు. లతకు కూడా ఒక వంతు ఇచ్చారు. ఆమె మొదటి గుంతలోనే పడి, "నాకు అక్కెరలే తల్లీ" అని బియ్యం ఏరుకోవడానికి పోయింది. రిమోట్ చేతులు మారుతూనే ఉంది. చిన్నప్పుడు అన్న పడాలని కాచుకున్నవాడికి ఇప్పుడు వంతులే వంతులు. ప్రతిసారీ ఆ వెచ్చటి బిళ్ల అరచేతిలోకి వస్తుంటే, నాకొద్దన్నా, నీ దగ్గరే ఉంచుకో అనాలని వీరేందర్‌కు నాలుక చివరిదాకా వచ్చేది. అనలేదు. ఈసారి నోరు మూసుకునే కూర్చున్నాడు. రూలు రూలే.

ఆదివారాలు ఇప్పటికీ అలాగే ఆడుతున్నారు. మధుసూదన్ అప్పుడప్పుడు వస్తాడు, తవుడు దులుపుకోకుండానే. అతనూ పడతాడు. బొటనవేలు కదులుతోంది. చెయ్యి తిరిగొస్తుందా అని ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ అడగరు.

మీరెప్పుడైనా ఇంట్లో పాత ఆట ఒకటి కొత్త టీవీ మీద పెట్టుకుని, నొక్కింది ఒకప్పుడూ దూకింది ఒకప్పుడూ అయి, మీ బొమ్మ నీళ్లలో పడితే, టీవీని తిట్టుకోండి, తప్పు లేదు. కానీ రిమోట్ పక్కవాళ్ల చేతిలో పెట్టేముందు, కోదాడ బస్టాండు వెనక సందులో ఒకడికి చిల్లర ఇస్తూ, ఒకణ్ని చెప్పులు విడవమంటూ, చూడకుండానే ఆ వంతెన దాటిన మునగాల ఉపేందర్‌ను ఒక్కసారి యాది చేసుకోండి.